ఊరి కావలిని ఊరికే అప్పగించిన దొర
సర్ థామస్ మన్రో జీవిత విశేషాలు

పెనుకొండ: మన పల్లెల్లో అరవై ఏళ్ళు పైబడిన వారిని రచ్చకట్ట మీద కూర్చోబెట్టి ఊరి కావలి గురించి అడిగితే, పోలీసు స్టేషను కంటే ముందు తలారి పేరు చెబుతారు. ఊళ్ళో దొంగతనం జరిగినా, పొలం గట్టు దగ్గర తలలు పగిలినా, బావిలో శవం తేలినా మొదట పరుగెత్తేది తలారి. అతను వెళ్ళి చెప్పేది రెడ్డికి. మడకశిర, హిందూపురం వైపు కొన్ని ఊళ్ళలో గౌడు అంటారు. కాగితం రాసేది కరణం. ఆ కాగితం స్టేషనుకు చేరిన తర్వాతనే పోలీసులు ఊళ్ళో అడుగు పెట్టేవారు.

ఈ ఏర్పాటు 1984 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామాధికారుల పదవులను రద్దు చేసేదాకా నడిచింది. దీనికి చట్టరూపం వచ్చింది 1816లో. అంటే నూట అరవై ఏళ్ళకు పైగా మన ఊళ్ళ శాంతి భద్రతలు ఆ పద్ధతి మీదనే ఆధారపడ్డాయి. ఆ చట్టం వెనుక ఉన్న మనిషి సర్ థామస్ మన్రో. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలతో సహా యావత్తు దత్త మండలాలకు ఆయన మొదటి ప్రధాన కలెక్టరు. పరదేశం నుంచి వచ్చి ఈ మట్టిలోనే కన్నుమూసిన ఆ దొర మేలు ఎంత చేశాడు, ఆయన ఏర్పాటువల్ల కీడు ఎంత జరిగింది అన్నది మన జిల్లా వారందరూ తెలుసుకోదగిన సంగతి.

వ్యాపారి కొడుకు సిపాయి అయ్యాడు

మన్రో 1761 మే 27న స్కాట్లండు దేశంలోని గ్లాస్గో నగరంలో జన్మించారు. తండ్రి అలెగ్జాండర్ మన్రో అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసి బాగా గడించినవాడు. చిన్నతనంలో తట్టు పోసి మన్రోకు చెవులు కొంత మందగించాయి. ఆ లోపం జన్మంతా ఉండిపోయింది. అయినా చదువులో చురుకు. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు.

అంతలో అమెరికాలో స్వాతంత్ర్య యుద్ధం వచ్చింది. వర్జీనియా వ్యాపారం తలకిందులయింది. తండ్రి ఆస్తి కరిగిపోయింది. ఇల్లు నిలబెట్టే భారం కొడుకు మీద పడింది. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చిన్న ఉద్యోగం దొరికితే ఓడ ఎక్కి 1780 జనవరిలో చెన్నపట్నంలో దిగారు. అప్పటికి ఆయనకు పందొమ్మిదేళ్ళు కూడా నిండలేదు.

వచ్చిన ఏడే హైదరాలీ దండెత్తి వచ్చాడు. మన్రో ఆ యుద్ధంలో పాల్గొన్నారు. తర్వాత 1790 నుంచి 1792 వరకు టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధంలోనూ ఉన్నారు. ఖాళీ వేళల్లో హిందూస్తానీ, పారశీక భాషలు నేర్చుకున్నారు. ఆయన పైకి రావడానికి కత్తి కంటే ఈ భాషా జ్ఞానమే ఎక్కువ తోడ్పడింది.

1792లో టిప్పు వదులుకున్న బారామహల్ ప్రాంతానికి కెప్టెన్ రీడ్ అధికారి అయ్యాడు. ఇది నేటి తమిళనాడులోని సేలం, ధర్మపురి, కృష్ణగిరి వైపు సీమ. అక్కడ మన్రో ఏడేళ్ళు రీడ్ కింద పనిచేశారు. పొలం కొలవడం, పంట అంచనా వేయడం, రైతుతో నేరుగా మాట్లాడి శిస్తు నిర్ణయించడం అంతా ఆయన అక్కడ నేర్చిన విద్యే. నడుమ దళారీ లేకుండా సర్కారుకూ రైతుకూ నేరుగా లావాదేవీ ఉండే ఆ పద్ధతికే తర్వాత రైత్వారీ అని పేరు వచ్చింది.

దత్త మండలం చేతికొచ్చిన వేళ

1799లో శ్రీరంగపట్నం కోట పడిపోయింది, టిప్పు మరణించాడు. అతని రాజ్యంలో కొంత నిజాం వాటాకు వచ్చింది. 1792లోనూ నిజాంకు ఇలాగే కొంత భాగం దక్కింది. అయితే కంపెనీ సైన్యాన్ని తన రాజ్యంలో ఉంచుకున్నందుకు నిజాం ఖర్చు భరించాలి. ఆ ఖర్చు కింద 1800 అక్టోబరు 12 నాటి ఒడంబడికతో ఆ ప్రాంతాలను కంపెనీకి దత్తం చేశాడు. బళ్ళారి, అనంతపురం, కడప సీమలూ నేటి కర్నూలు జిల్లాలోని కొంత భాగమూ ఇందులో చేరాయి. అందుకే వాటికి దత్త మండలాలని పేరు. రాయలసీమ అన్న పేరు 1928లో నంద్యాల సభలో వచ్చింది.

కన్నడ సీమలో కలెక్టరుగా ఉన్న మన్రోను ఈ దత్త మండలాలకు ప్రధాన కలెక్టరుగా వేశారు. ఆయన కింద నలుగురు ఉప కలెక్టర్లు. మొదట అనంతపురం కేంద్రంగా పని మొదలుపెట్టారు. కేంద్రం పేరుకే. ఏడాదిలో ఎక్కువ రోజులు డేరాలోనే గడిచేవి. ఈ రోజు ఒక ఊరి చెరువు కట్ట కింద, మరునాడు మరో ఊరి చింతతోపులో డేరా వేసేవారు. పొద్దున లేచింది మొదలు రైతులు చుట్టూ చేరి తమ గోడు చెప్పుకొనేవారు.

ఆనాటి మన సీమ పరిస్థితి వర్ణించనలవి కాదు. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు పెనుకొండ రాజధాని అయింది. ఆ వైభవం అడుగంటిన తర్వాత విజాపురం, మొగలాయీలు, మరాఠాలు, మైసూరు, నిజాం ఇలా ఒకరి వెనుక ఒకరు ఈ నేలను తొక్కారు. ఏ రాజుకు ఎంత కప్పం కట్టినా పల్లెకు రక్షణ దక్కలేదు. అందుకే ఊరూరా బురుజులు, మట్టికోటలు లేచాయి. ఇప్పటికీ మన ఊళ్ళలో శిథిలమైన బురుజులు కనబడుతున్నాయంటే అవి ఆ కాలపు భయానికి ఆనవాళ్ళే.

పాలెగాళ్ళ కావలి

ఆ రోజుల్లో పోలీసు అనే మాటే లేదు. కావలి ఉండేది. చిన్న కావలి తలారిది. అతనికి ఇనాం భూమి ఉండేది, కళ్ళంలో పంట నూర్చినప్పుడు మేర కొలిచేవారు. ఊళ్ళో సొత్తు పోతే దొంగను పట్టవలసిన బాధ్యత అతనిదే. అడుగు జాడ తీసి పక్క ఊరి పొలిమేర దాకా చూపిస్తే అక్కడినుంచి ఆ ఊరి తలారి పూచీ. పట్టలేకపోతే పోయిన సొత్తు విలువ కావలివాడే కట్టాలన్నది ఆచారం.

పెద్ద కావలి పాలెగాళ్ళది. ఒక్కొక్క పాలెగాడు కొన్ని పల్లెలను రక్షిస్తానని కావలి రుసుం వసూలు చేసేవాడు. రాజ్యం బలంగా ఉన్నప్పుడు ఇది సక్రమంగానే సాగింది. రాజ్యం బలహీనపడగానే రక్షించవలసినవాడే దోచుకోసాగాడు. రుసుం ఇవ్వని ఊరి మీద రాత్రికి రాత్రి దోపిడీ జరిగేది. కంచే చేను మేసిన సామెత అక్కడ అక్షరాలా నిజమయింది. మన్రో వచ్చేనాటికి దత్త మండలాల్లో ఇటువంటి పాలెగాళ్ళు ఎనభై మంది దాకా ఉన్నారు. ఒక్కొక్కరి వెనుక సాయుధులైన బంట్లు ఉన్నారు.

మన్రో వీరి విషయంలో దయ చూపలేదు. కప్పం పూర్తిగా కట్టాలి, బంట్లను పంపివేయాలి, ఊరి మీద వసూళ్ళు మానాలి అని ఆజ్ఞలు వేశారు. మాట వినని వారి మీదికి జనరల్ క్యాంబెల్ సైన్యం నడిచింది. కొందరు పట్టుబడ్డారు, కొందరు పారిపోయారు, మరికొందరు భరణం తీసుకొని ఊరుకున్నారు. రెండు మూడేళ్ళలో సీమ చాలావరకు అణిగింది.

ఈ పని అందరికీ నచ్చలేదు. లండనులోని కంపెనీ డైరెక్టర్లే మన్రోను తప్పుపట్టారు. తరతరాల హక్కులున్న వారిని ఇంత కఠినంగా తొలగించడమేమిటని ప్రశ్నించారు. వారి సంశయం పూర్తిగా వట్టిది కాదు. 1846లో కోయిలకుంట్ల సీమలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడ్డాడంటే, పాలెగాళ్ళ భరణాల విషయంలో పేరుకుపోయిన అసంతృప్తి అందుకు ఒక కారణం. ఆయనను 1847 ఫిబ్రవరి 22న ఉరితీశారు. ఒక తరం ముందు వేసిన దెబ్బ రెండో తరంలో పుండై బయటపడింది.

కొలత గొలుసు, శిస్తు భారం

పాలెగాళ్ళ పని చూస్తూనే మన్రో 1802లో భూముల కొలత మొదలుపెట్టారు. నాలుగైదేళ్ళలో పూర్తి చేయించారు. పొలం పొలానా గొలుసు పట్టి కొలిచి, మెట్ట, తరి, తోట అని విడదీసి తరం కట్టారు. మన పెద్దల నోట తరం, బంజరు, శివాయి జమా అనే మాటలు వినబడేవంటే ఆ కొలతల సంప్రదాయం నుంచి వచ్చినవే.

శిస్తు మాత్రం భారంగానే పడింది. పండిన పంటలో సుమారు నూటికి నలభై అయిదు వంతులు సర్కారుకు పోయే లెక్క అది. ఈ సంగతి మన్రోకు తెలుసు. 1807లో సెలవు మీద ఇంటికి వెళ్ళేముందు అన్ని భూముల మీద నాలుగో వంతు తగ్గించాలని, బావులు, చెరువుల కింది భూములకు ఇంకా కొంత తగ్గించాలని సిఫారసు చేశారు. చెన్నపట్నం సర్కారు ఒప్పుకోలేదు. రైత్వారీని పక్కనబెట్టి ఊళ్ళకు ఊళ్ళు గుత్తకిచ్చింది. వానల్లేని మన సీమలో ఆ గుత్తదారులు, రైతులు ఇద్దరూ నలిగిపోయారు. 1820లో మన్రో గవర్నరుగా తిరిగి వచ్చిన తర్వాతనే ఆ తగ్గింపు అమలుకు వచ్చింది.

దారోగా పోలీసు ఎందుకు చెడింది

ఇక పోలీసు కథకు వద్దాం. బెంగాలులో గవర్నరు జనరలు కారన్‌వాలిస్ ప్రవేశపెట్టిన పద్ధతిని 1802 నుంచి చెన్నరాజధానిలోనూ తెచ్చారు. జిల్లాకొక జడ్జి, ఆయన కింద ఠాణాలు, ఠాణాకొక దారోగా, కొందరు బంట్రోతులు. మన్రో వెళ్ళేముందే దత్త మండలాలలోనూ జిల్లా కోర్టులు వచ్చాయి.

కాగితం మీద బాగానే ఉంది. పల్లెలో మాత్రం వికటించింది. దారోగా పై ఊరివాడు. ఎవరు మంచివాడో ఎవరు దొంగో అతనికి తెలియదు. జీతం చాలీచాలదు. ఊరి తలారి తన రుసుం పోయి, మర్యాద పోయి, మాట్లాడకుండా కూర్చున్నాడు. ఊరిపెద్ద మనకెందుకులే అనుకున్నాడు. దోపిడీ జరిగితే సాక్షి చెప్పడానికి జనం వెనుకాడారు. ఎందుకంటే సాక్షి జడ్జి కోర్టుకు నడిచివెళ్ళాలి. హిందూపురం నుంచి బళ్ళారికి నూరు మైళ్ళు పైబడిన దారి. బండి కట్టుకొని పోయినా రోజుల తరబడి ప్రయాణం. విత్తే అదనులో ఆ ప్రయాణం పెట్టుకుంటే ఏడాది పంట పోయినట్లే. పోయిన ఎద్దు కంటే కోర్టు ఖర్చు ఎక్కువయితే ఎవరు ఫిర్యాదు చేస్తారు?

1812లో లండనులోని పార్లమెంటు సంఘం కంపెనీ పాలన మీద ఐదవ నివేదిక అనే పెద్ద గ్రంథం వెలువరించింది. అందులో ఈ లోపాలన్నీ బయటపడ్డాయి. అప్పటికి మన్రో ఇంగ్లండులోనే ఉన్నారు. 1813లో పార్లమెంటు ముందు సాక్ష్యం చెప్పారు. ఈ దేశపు జనాన్ని నమ్మి పని అప్పగించనిదే ఏ పాలనా నిలవదన్నది ఆయన వాదన సారాంశం. కంపెనీ వారు ఆయననే సంస్కరణల సంఘానికి పెద్దగా నియమించారు. 1814 మార్చిలో జేన్ క్యాంబెల్ అనే యువతిని వివాహమాడి, ఆ సెప్టెంబరులోనే చెన్నపట్నం చేరారు.

1816 నాటి చట్టాలు

రెండేళ్ళపాటు పై అధికారులతో కాగితాల యుద్ధం నడిచింది. చివరకు 1816లో వరుసగా చట్టాలు వచ్చాయి. వాటి సారం ఇది:

దారోగాలు, ఠాణాదారుల ఏర్పాటు రద్దయింది. ఊళ్ళో పోలీసు అధికారం ఊరిపెద్దకు దఖలు పడింది. అతనికి సాయం కరణం, తలారి. వారి మీద తాలూకా తహసిల్దారు, అతని మీద కలెక్టరు. మేజిస్ట్రేటు అధికారం జడ్జి నుంచి కలెక్టరు చేతికి మారింది.

చిన్న చిన్న బాకీ తగాదాలు ఊళ్ళోనే తీర్చడానికి ఊరిపెద్దను గ్రామ మునసబుగా గుర్తించారు. ఇరువర్గాలు ఒప్పుకుంటే పంచాయతీ కూర్చోబెట్టే వీలు కల్పించారు. అంతకు పై వ్యాజ్యాలకు జిల్లా మునసబులను వేశారు. ఆ పదవులు ఈ దేశస్థులకే దక్కాయి. పెద్ద ఉద్యోగాలన్నీ దొరలకే అనే ఆ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

చిన్న కొట్లాటలు, తిట్లు వంటి నేరాలకు ఊరిపెద్ద కొద్ది గంటలపాటు మనిషిని చావడిలో నిలిపి ఉంచవచ్చు. పెద్ద నేరమయితే నిందితుని తాలూకాకు పంపాలి. ఊరికి వచ్చిన అనుమానాస్పదుల మీద కన్నేసి ఉంచాలి. హత్య, దోపిడీ జరిగితే వెంటనే పైకి తెలియజేయాలి.

ఇప్పటివారు ప్రజలతో కలిసి పనిచేసే పోలీసు అని పెద్ద మాటలు చెబుతారు. పోలీసు అధికారి ఊరి మనిషే అయివుండాలి, ఊరివారి సాయంతోనే నేరం ఆగుతుంది అన్న ఆలోచన మన సీమలో రెండు వందల ఏళ్ళకు మునుపే చట్టమయింది.

చట్టంలోని మచ్చ

అయితే ఆ చట్టంలో ఒక మచ్చ ఉంది. దాన్ని దాచిపెట్టి మన్రోను పొగిడితే న్యాయం కాదు. అదే తప్పుకు అందరికీ అదే శిక్ష అని ఆ చట్టం చెప్పలేదు. తక్కువ కులాలుగా చూడబడినవారిని మాత్రం చావడి ముందు బొండకొయ్యలో కాళ్ళు బిగించి కొన్ని గంటలు ఉంచవచ్చునని రాశారు. అంటే ఊరిపెద్ద కులంవాడు తిడితే చావడిలో కూర్చుంటాడు. మాల మాదిగల బిడ్డ తిడితే పదిమంది చూస్తుండగా కొయ్యలో పడతాడు. ఊళ్ళో అప్పటికే ఉన్న తక్కువ ఎక్కువలకు సర్కారు ముద్ర వేసినట్లయింది.

రెండో లోపం ఇంకా పెద్దది. శిస్తు వసూలు చేసే తహసిల్దారే పోలీసు అధికారి కూడా. పగలు బాకీ అడిగిన బంట్రోతే రాత్రి దొంగను పట్టే బంట్రోతు. శిస్తు కట్టలేని రైతు ఎవరికి మొర పెట్టుకోవాలి? కొట్టినవాడి దగ్గరికే ఫిర్యాదు పోతుంది. మన్రో తలచుకున్నది కలెక్టరు తన డేరాలో కూర్చొని రైతు మాట వింటాడని. కలెక్టర్లందరూ మన్రోలు కారు.

ఆయన పోయిన ఇరవై ఏడేళ్ళకు, అంటే 1854లో, చెన్నరాజధానిలో చిత్రహింసల గురించి విచారణ సంఘం వేయవలసి వచ్చింది. 1855లో ఆ సంఘం నివేదిక ఇచ్చింది. శిస్తు రాబట్టడానికి, నేరం ఒప్పించడానికి మనుషులను ఎండలో నిలబెట్టడం, వంగదీసి కట్టడం, చేతులను కిట్టిలో పెట్టి నొక్కడం సర్వసాధారణమని రుజువయింది. రెండు అధికారాలూ ఒకే చేతిలో ఉండటం ఇందుకు ఒక ముఖ్య కారణమని తేలింది.

దాని ఫలితమే 1859 నాటి మద్రాసు పోలీసు చట్టం. పోలీసును రెవెన్యూ నుంచి విడదీశారు. జిల్లాకొక సూపరింటెండెంటును వేశారు. నేటి ఎస్పీ కార్యాలయానికి, పోలీసు స్టేషనుకు అసలు పునాది అది. కాని ఊరిలోని రెడ్డి, తలారి మాత్రం అలాగే నిలిచారు. స్టేషనుకు కళ్ళూ చెవులూ వారే. మన్రో కట్టిన ఇంట్లో పై అంతస్తు మారింది గాని పునాదిరాళ్ళు 1984 దాకా కదల్లేదు.

గవర్నరుగా

1817, 1818 సంవత్సరాల్లో మరాఠా యుద్ధం వచ్చినప్పుడు మన్రో మళ్ళీ కత్తి పట్టారు. దక్షిణ మహారాష్ట్ర సీమలో కొద్ది సైన్యంతో కోటలు పట్టి పేరు తెచ్చుకున్నారు. 1819లో సర్ బిరుదు వచ్చింది. 1820 జూనులో చెన్నపట్నం గవర్నరు అయ్యారు.

ఆ ఏడు కళాశాలలో కొత్తగా వచ్చిన దొరలకు ఆయన చేసిన ప్రసంగం దేశభాషలు నేర్చుకొనమని నొక్కి చెప్పింది. విన్నవారిలో ఒక యువకుడు సి.పి. బ్రౌన్. తెలుగు గ్రంథాలకు, నిఘంటువుకు తర్వాత జీవితం ధారపోసిన బ్రౌన్‌కు ఆ మాటలు తొలి ప్రేరణ.

1822లో పల్లె పల్లెలో ఎన్ని బడులున్నాయో లెక్క తీయించారు. 1826 నాటికి అందిన లెక్కల ప్రకారం రాజధాని మొత్తంలో 12,498 బడులు, వాటిలో 1,88,650 మంది పిల్లలు. చదువు రాని జనం మీద ఎంత మంచి చట్టమైనా పెత్తనంగానే మారుతుందని ఆయనకు తెలుసు. తాలూకాల్లోనూ జిల్లాల్లోనూ సర్కారు బడులు పెట్టాలని సంకల్పించారు. ఈ దేశస్థులను పెద్ద ఉద్యోగాల్లోకి తీసుకోకుండా, వారి శీలాన్ని మాత్రం తప్పుపట్టడం అన్యాయమని 1824 డిసెంబరు 31 నాటి సుదీర్ఘ నివేదికలో వాదించారు.

పత్తికొండలో తుదిశ్వాస

1827 నాటికి ఆయన ఉద్యోగం వదిలి ఇంటికి పోవడానికి సిద్ధమయ్యారు. భార్య, జబ్బుపడిన కొడుకును తీసుకొని 1826లోనే ఓడ ఎక్కారు. వెళ్ళేముందు తాను ఏడేళ్ళు తిరిగిన దత్త మండలాలను ఒకసారి చూసి రావాలని మన్రో మే నెలాఖరులో బయలుదేరారు. దారిలో బలగంలో కలరా తగిలింది. జూలై మొదటి వారంలో గుత్తి దాటి పత్తికొండ చేరారు. జూలై 6న ఉదయం ఆయనకూ కలరా సోకింది. పొద్దు గూకిన తర్వాత ప్రాణం విడిచారు. వయసు అరవై ఆరు. మరునాడు గుత్తి కోట కింద ఖననం చేశారు. 1831లో అవశేషాలను చెన్నపట్నం కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు.

పత్తికొండలో ఆయన పేర తోపు, మెట్లబావి ఏర్పాటు చేశారు. గుత్తిలో సత్రం కట్టించారు. చెన్నపట్నంలో గుర్రం మీద కూర్చున్న విగ్రహం 1839లో నిలిపారు. జీను, రికాబులు లేని ఆ విగ్రహాన్ని నేటికీ చూడవచ్చు.

జనం తమ పద్ధతిలో తాము గుర్తు పెట్టుకున్నారు. కొందరు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టారు. మాండవ్య ఋషి మళ్ళీ పుట్టాడని చెప్పుకున్నారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు ప్రత్యక్షమై మాట్లాడారని, కడప జిల్లా గండి క్షేత్రంలో కొండల నడుమ బంగారు తోరణం ఆయనకే కనబడిందని, అది చూసినవారు ఎక్కువ కాలం బ్రతకరని కథలు పుట్టాయి. కథలు ఎలా ఉన్నా, ఒక పరాయి అధికారి మీద ఇటువంటి కథలు అల్లుకున్నారంటే ఆయన డేరా ముందు సామాన్యుడు నిలబడి మాట్లాడగలిగాడన్నది కారణం.

నేటి మాట

తలారి పోయాడు, రెడ్డి పెత్తనం పోయింది, బొండకొయ్య పోయింది. వాటిలో పోవలసినవి పోయినందుకు విచారించనక్కర లేదు. కాని ఊరికీ స్టేషనుకూ నడుమ నిలబడిన మనిషి కూడా వాటితోపాటే పోయాడు. ఆ ఖాళీని పూడ్చడానికి సర్కారు పలు ప్రయత్నాలు చేసింది. 2019 అక్టోబరులో ఆరంభమైన గ్రామ సచివాలయాల్లో మహిళా పోలీసు కొలువులు అటువంటివే. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడిన తర్వాత హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వారికి ఎస్పీ కార్యాలయమూ దగ్గరయింది. ఆనాడు బళ్ళారికి నడిచిన దారితో పోలిస్తే ఇది ఎంతో మేలు.

చట్టం ఇచ్చిన హక్కులూ రైతు తెలుసుకోవాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం నేరం ఏ ఊళ్ళో జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. నమోదైన ప్రథమ సమాచార నివేదిక నకలు పైసా లేకుండా ఇవ్వాలి. ఆపద సమయంలో 112కు, ఫోను ద్వారా బ్యాంకు సొమ్ము మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కు చెప్పుకోవచ్చు. ఒకప్పుడు దొంగ అడుగు జాడ పొలిమేర దాకా తీసేవారు. ఈనాటి దొంగకు అడుగు జాడే లేదు, ధర్మవరంలో చీర నేసే ఇంట్లోకి ఫోనులోనుంచే దూరుతున్నాడు. కాబట్టి చెప్పడంలో జాప్యం కూడదు.

ఇన్ని ఉన్నా పల్లెటూరి మనిషి స్టేషను మెట్లెక్కడానికి నేటికీ వెనుకాడుతున్నాడు. వెంట ఒక పెద్దమనిషి ఉంటే గాని మాట పెగలదు. ఆ పెద్దమనిషి ఏ వర్గం వాడన్న దాన్నిబట్టి న్యాయం మారుతుందేమోనన్న అనుమానం కూడా ఉంది. మన్రో జీవితం నుంచి మనం తీసుకోవలసిన పాఠం ఈ రెండింటి నడుమనే ఉంది. కావలి కాసేవాడు ఊరి గోడు తెలిసినవాడై ఉండాలి. అదే సమయంలో అతని చేతిలో అన్ని అధికారాలూ ఉండకూడదు, కులాన్నిబట్టి అతని చేయి లేవకూడదు. మొదటిది మన్రో గ్రహించారు. రెండోది గ్రహించడానికి ఈ దేశానికి ఇంకా చాలా కాలం పట్టింది.

గుత్తి మీదుగా పోయేవారు వీలు చేసుకొని కోట కింద ఆయనను మొదట పాతిపెట్టిన చోటు చూడవచ్చు. అక్కడ నిలబడినప్పుడు దొరను మాత్రమే గాక, ఆయన చట్టం కింద చావడి ముందు కొయ్యలో కాళ్ళు పెట్టి కూర్చున్న పేరు తెలియని మనిషిని కూడా ఒకసారి తలచుకోవాలి. మన ఊరి చరిత్రలో ఇద్దరూ ఉన్నారు.